శనివారపు వేడి

సరస్సు మూలుగుతోంది.

నవంబరులో నీటి మీద మంచు గట్టిపడేటప్పుడు అంతే. ఈ ఒడ్డున పుట్టిన పగులు ఆ ఒడ్డు దాకా పరిగెడుతుంది. అడుగున ఏదో పెద్ద జంతువు నిద్రలో ఒత్తిగిలినట్టు — బొంగురుగా, లోతుగా, సాగదీసి. కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి.

సరస్సు మూలుగుతోంది.

ఆర్వి మూలగడం లేదు.

వంటింటి బల్ల మీద రెండు అరచేతులూ ఆన్చి నిలబడి ఉన్నాడు. కూర్చుంటే నడుములో ఏదో విరుగుతుంది. పడుకుంటే ఇంకేదో గుచ్చుతుంది. అందుకని నిలబడి ఉన్నాడు. మొహం గోడ వైపు. ఆ మొహం భార్య కంట పడకూడదు.

కాఫీ చల్లారిపోయింది.

"నొప్పిగా ఉందా?" అడిగింది రౌని.

"కాస్త పట్టేసింది."

కాస్త పట్టేసింది.

అడవిలో పండ్లు ఏరే రోజుల్లో కాస్త పట్టేసింది. బిర్చి చెట్ల ఆకులు పసుపు తిరిగి రాలేటప్పుడు కాస్త పట్టేసింది. ఇప్పుడు సరస్సు గడ్డకడుతోంది... ఇంకా కాస్తే.

బతుకంతా అడవిలో చెట్లు నరికే యంత్రం నడిపిన మనిషి. ఒకసారి కొమ్మ విరిగి మీద పడి మెడ కింది ఎముక ముక్కలైతే, తనే కారు నడుపుకుంటూ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, చొక్కా గుండీలు విప్పిపెట్టమన్నాడు. చెయ్యి లేవడం లేదు అన్నాడు. అంతే అన్నాడు.

అలాంటి మనిషి ఇప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

గోడకు తెలుసు. రౌనికి తెలుసు.

ఆరోగ్య కేంద్రానికి తెలియదు.

ఆరోగ్య కేంద్రం అంటే ఊరి చివర పొట్టి ఇటుక కట్టడం. అక్కడికి ఊరికే వెళ్ళడానికి లేదు. ఫోన్ చేయాలి. చేస్తే యంత్రం మాట్లాడుతుంది. మేమే తిరిగి చేస్తాం అంటుంది. చేస్తారు కూడా — ఆర్వి కొట్టంలో ఉన్నప్పుడు, రౌని చేతులు పిండిలో ఉన్నప్పుడు. ఎత్తేలోగా ఆగిపోతుంది. మళ్ళీ మొదటికి.

చివరికి ఒక కుర్చీ దొరికింది. కుర్చీకి ఎదురుగా సైమి. ఈ ఊరి నర్సే, ఈ ఊరి పిల్లే. మంచి పిల్ల. కళ్ళు మాత్రం తెర మీద.

"సున్నా నుంచి పది దాకా అయితే, మీ నొప్పి ఎంత అండీ?"

ఆర్వి ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

"పది అంటే?"

"భరించలేనంత."

"భరిస్తున్నాగా. నడుచుకుంటూ వచ్చా." ఇంకాస్త ఆలోచించి, "నాలుగు వేసుకో," అన్నాడు.

నాలుగు!

రౌని నోరు తెరిచింది. ఆర్వి మోకాలితో ఆమె మోకాలిని తాకాడు. మూసుకుంది.

సైమి నాలుగు వేసుకుంది. నాలుగుకి ఎంత ఇస్తారో అంతే ఇచ్చారు. తలనొప్పికి వేసుకునే తెల్ల బిళ్ళలు. ఈ వయసులో నడుములు ఇలాగే ఉంటాయి అన్నారు. రోజూ నడవమన్నారు.

ఆ మనిషి నాలుగు అన్నాడు. వీళ్ళు నాలుగే విన్నారు.

వీళ్ళూ ఈ మంచులోనే పుట్టారు కదా. వీళ్ళ నాన్నలూ, తాతలూ ఇలాగే గోడ వైపు తిరిగి నిలబడి ఉంటారు కదా. వీళ్ళ ఇళ్ళల్లోనూ మగాళ్ళు కాస్త పట్టేసింది అనే కదా చచ్చిపోయారు. ఈ దేశంలో నాలుగు అంటే ఎంతో... ఈ దేశపు నర్సుకి ఒకళ్ళు చెప్పాలా?

కారులో రౌని అరిచింది.

"నాలుగా? సిగ్గు లేదూ నీకు? నాలుగేంటి, నాలుగు!"

"అయిదు అందామనుకున్నా," అన్నాడు ఆర్వి. "గొప్పలు పోతున్నాడనుకుంటుందని..."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత ఒక పొద్దున అతను కట్టెల కొట్టం ముందు మంచులో కూర్చుని కనిపించాడు. కూర్చోలేదు, కూలబడ్డాడు. కాళ్ళు మాట వినలేదు. ఒళ్ళో కట్టెలు అలాగే ఉన్నాయి. కింద పెట్టలేదు.

అవతలి ఒడ్డు ఒస్మో వచ్చి, దూడను ఎత్తినట్టు ఎత్తి, తన వ్యానులో పడుకోబెట్టి, పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఆర్వి వ్యాను పైకప్పు వంక చూశాడు. గతుకు వచ్చినప్పుడల్లా కళ్ళు మూశాడు. గతుకు దాటాక తెరిచాడు.

అక్కడ చూశారు. లోపల చూశారు.

క్యాన్సర్. మూత్రనాళం దగ్గర మొదలైంది, వెన్నుపూసకు పాకింది. వెన్నుపూసను కొరికేసింది. ఒకటి కాదు. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎలా నిలబడ్డాడో అర్థం కావడం లేదు అన్నాడు పెద్ద డాక్టరు. మెచ్చుకున్నట్టు అన్నాడు.

మెచ్చుకోలు!

రౌనికి ఆ గదిలో ఏదైనా పగలగొట్టాలనిపించింది. పగలగొట్టేది ఏమీ లేదు అక్కడ. అన్నీ ప్లాస్టిక్కే.

అయినా ఒప్పుకోవాలి. ఆ ఆసుపత్రే నొప్పిని తీసింది. ముందు సూదిలో మార్ఫిన్. తర్వాత వీపు మీద అతికించే పట్టీ. చిన్నది, గోరంత పలచన. చర్మం గుండా మెల్లమెల్లగా మందు ఒంట్లోకి దిగుతుందట. రోజంతా. రాత్రంతా. చుక్క చుక్కగా.

దిగింది.

ముందు అతని నుదురు విడింది. తర్వాత దవడ. తర్వాత భుజాలు — చెవుల దాకా లేచి ఉన్న భుజాలు — కిందికి వచ్చాయి. ఇన్ని నెలలుగా అవి పైనే ఉన్నాయని రౌనికి అప్పుడు తెలిసింది. అతను పక్కకు తిరిగి పడుకున్నాడు. చిన్నపిల్లాడిలా చెయ్యి చెంప కింద పెట్టుకున్నాడు. నిద్రపోయాడు.

ఆమె పక్కన కూర్చుని ఆ నిద్రను చూసింది. మొదటి మంచు పడుతుంటే చూసినట్టు చూసింది. కదిలితే ఆగిపోతుందేమోనన్నట్టు.

ఇంటికి పంపేశారు. మంచం కావాలట ఇంకొకళ్ళకి.

కుర్ర డాక్టరు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఒక చెయ్యి తలుపు గొళ్ళెం మీదే ఉంది.

"మూడు రోజులకోసారి మార్చాలి. పాతది పీకాకే కొత్తది. మిగతావన్నీ మీ ఆరోగ్య కేంద్రం వాళ్ళు చూసుకుంటారు. సరేనా?"

"సరే," అన్నాడు ఆర్వి.

ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో సైమి పట్టీ మార్చింది. జాగ్రత్తగానే మార్చింది. పాతది మడిచింది, కొత్తది వీపు మీద అదిమి పట్టుకుంది.

"పట్నంలో మీకు అన్నీ చెప్పే ఉంటారుగా?"

"ఆఁ," అన్నాడు ఆర్వి.

మందుల షాపులో కౌంటరు వెనక అమ్మాయి పెట్టెను ఇటు జరిపింది.

"వాడడం తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు ఆర్వి.

మూడు తలుపులు. ప్రతి తలుపూ పక్క తలుపును చూపించింది. ప్రతి నోరూ పక్క నోరు చెప్పే ఉంటుందనుకుంది.

ఎవరూ చెప్పలేదు.

శనివారం వచ్చింది.

ఈ నేల మీద శనివారం అంటే ఒకటే. పొగగొట్టాలన్నిట్లోంచీ బిర్చి కట్టెల పొగ లేస్తుంది. సరస్సు చుట్టూ, ఇంటికొకటి చొప్పున, నిటారుగా. గాలి లేకపోతే పొగలన్నీ స్తంభాల్లా నిలబడతాయి. ఆకాశాన్ని మోస్తున్నట్టు. పుట్టినప్పుడు ఆ వేడి. పెళ్ళికి ముందు ఆ వేడి. ఒకప్పుడు పిల్లలను కన్నది అక్కడే, చచ్చినవాళ్ళను కడిగిందీ అక్కడే. ఇల్లు లేనివాడికైనా ఇక్కడ సౌనా — ఆవిరి స్నానాల గది — ఉంటుంది.

వేసవి నడిమి పండుగ తర్వాత ఆర్వి సౌనాలో అడుగు పెట్టలేదు. మెట్టు ఎక్కలేకపోయాడు. రౌని ఒక్కతే వెళ్ళేది. ఒక్కతే వెళ్తే అది ఒట్టి వేడి గది.

"రౌనీ," అన్నాడు ఆ మధ్యాహ్నం. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కూర్చుని! "పొయ్యి వెలిగిస్తావా?"

ఆమె వెంటనే కోటు వేసుకుంది.

కట్టెలు తెచ్చింది. నిప్పు పెట్టింది. రాళ్ళు వేడెక్కేదాకా బయట నిలబడి పొగను చూసింది. వాళ్ళ పొగ కూడా ఇవాళ నిలబడింది. అవతలి ఒడ్డు నుంచి ఒస్మో చూసే ఉంటాడు.

లోపల సగం చీకటి. తడి చెక్క వాసన. చిన్న కిటికీలోంచి నీలం వెలుగు.

"కింది మెట్టు మీద కూర్చో," అంది.

"నేనేమైనా టూరిస్టునా?" అని పై మెట్టెక్కాడు. మెల్లగా. కానీ ఎక్కాడు.

రాళ్ళ మీద నీళ్ళు పోసింది. బుస్సుమన్నాయి. ఆవిరి పైకప్పును తాకి, వంగి, ఇద్దరి భుజాల మీదికి దిగింది.

"ఆహ్..." అన్నాడు ఆర్వి. ఎన్నేళ్ళ తర్వాతో అన్నట్టు.

"నొప్పి?"

"లేదు."

"కొంచెం కూడా?"

"లేదే పిల్లా. నీళ్ళు పొయ్యి."

పోసింది.

అతని వీపు మీద చెమట ధారలు కట్టింది. పట్టీ అంచు తడికి కొంచెం లేచింది. అయ్యో, ఊడిపోతుందేమో, మళ్ళీ నొప్పి మొదలవుతుందేమో అనుకుంది. అరచెయ్యి దాని మీద ఆన్చి అదిమింది. గట్టిగా. ప్రేమగా. వేడిలో.

ఆ అరచెయ్యి.

తర్వాత చాలాకాలం ఆమె ఆ అరచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగింది.

సౌనా ముందున్న వరండాలో ఒళ్ళు చల్లార్చుకోవడానికి కూర్చున్నారు. తువ్వాలు చుట్టుకుని. ఒంటి మీంచి పొగలు. చలి ఇంకా తెలియదు. ఆర్వి గోడకు ఆనుకున్నాడు, కళ్ళు సగం మూశాడు.

"బాగుంది," అన్నాడు.

"సాసేజీలు తెస్తా ఉండు," అంది ఆమె.

రాళ్ళ మీద వేగిన సాసేజీలను పళ్ళెంలో పెట్టుకుని, ఆవాల ముద్ద వేసుకుని వచ్చింది. అంతే. అంతసేపే.

ఆర్వి గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. నిద్రపోయాడనుకుంది. ఇన్నాళ్ళ నిద్ర బాకీ ఉందిలే అనుకుంది. పక్కన కూర్చుంది. ఒక ముక్క కొరికింది కూడా.

అప్పుడు చూసింది.

చలిలో ఊపిరి కనిపిస్తుంది. తన నోట్లోంచి తెల్లగా పొగ. మళ్ళీ పొగ. మళ్ళీ పొగ.

అతని నోట్లోంచి — ఒకటి.

తర్వాత ఏమీ లేదు.

చెట్లు ఉన్నాయి. సరస్సు ఉంది. అతని నోటి ముందు గాలి ఖాళీగా ఉంది.

చాలాసేపు ఖాళీగా ఉంది.

మళ్ళీ... ఒకటి. సన్నగా. దారమంత.

పళ్ళెం మంచులో పడింది.

"ఆర్వీ!"

పెదాలు నీలంగా ఉన్నాయి. రెప్పలు ఎత్తి చూసింది. కంటిపాపలు సూదిమొన అంత. ఆమె చేతులకు ఫోన్ ఎలా దొరికిందో తెలియదు. అత్యవసరం నంబరు. ఆడగొంతు. నిదానంగా ఉంది ఆ గొంతు.

"ఒంటి మీద మందు పట్టీ ఏమైనా ఉందా?"

"ఉంది. వీపు మీద."

"సౌనాలో ఉన్నారా ఆయన?"

రౌని సౌనా తలుపు వైపు చూసింది.

"అమ్మా, సౌనాలో ఉన్నారా?"

"ఇప్పుడే... బయటికొచ్చాం."

"పట్టీ పీకేయండి. ఇప్పుడే. ఆ చోట చల్లటి నీళ్ళతో తుడవండి. వేడికి మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోయింది. పిలుస్తూ ఉండండి ఆయన్ని. ఊపిరి తీయమని చెప్పండి. వినపడుతుంది ఆయనకి. అంబులెన్సు బయల్దేరింది."

పీకింది. తుడిచింది. మంచు తీసి రుద్దింది.

"ఊపిరి తియ్యి."

తీశాడు.

ఆగిపోయాడు.

"ఊపిరి తియ్యి ఆర్వీ."

తీశాడు.

"తియ్యి. మళ్ళీ తియ్యి. మొండి ముసలోడా, చెప్తుంటే వినవా, ఊపిరి తియ్యి!"

చెప్తే తీశాడు. చెప్పకపోతే మానేశాడు. బతుకంతా అడగనిదే నోరు విప్పని మనిషి, ఇప్పుడు అడగనిదే ఊపిరి కూడా తీయడం లేదు. ఆమె అడిగింది. తిట్టింది. బతిమాలింది. పెళ్ళికి ముందు పిలిచిన పేరుతో పిలిచింది. దుప్పటి కప్పింది. చెంపల మీద కొట్టింది. ఊపిరి తియ్యి. ఊపిరి తియ్యి. అవతలి ఒడ్డు నుంచి ఆ అరుపు విని ఒస్మో ట్రాక్టరు తీశాడు. అంబులెన్సుకు దారి కావాలి కదా. మంచు నెట్టుకుంటూ వచ్చాడు.

ఆమె మాత్రం అరుస్తూనే ఉంది. అరుపు వెనకాల, లోపల, చల్లగా, ఇంకొక మాట కదులుతోంది.

ఫోన్లో ఆవిడకు తెలుసు.

మొదటి మాటకే అడిగింది. పట్టీ ఉందా, సౌనాలో ఉన్నారా — అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. అంటే ఇది కొత్త సంగతి కాదు. అంటే ఇది తెలిసిన సంగతే. అందరికీ తెలుసు. ఊపిరి ఆగాక అడగడానికి తెలుసు.

ఆగకముందు చెప్పడానికే ఎవరికీ తీరిక లేదు.

అంబులెన్సు వాళ్ళు విరుగుడు మందు ఎక్కించారు.

ఆర్వి కళ్ళు తెరిచాడు. గాలి పీల్చాడు. పెదాలకు రంగు వచ్చింది. ఒస్మో టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు ఆర్వి అరిచాడు.

విరుగుడు మందు మంచీ చెడూ చూడదు. ఒంట్లోకి దిగిన విషాన్ని తోసేస్తూ, నొప్పికి అడ్డున్న దాన్నంతా తోసేసింది. ఇన్నాళ్ళూ మాటు వేసి కూర్చున్న నొప్పి ఒక్క దూకు దూకింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో రౌని తన భర్త అరుపు వినలేదు. అది మనిషి గొంతులా లేదు. చుట్టూ అడవి నోరు మూసుకుంది. సరస్సు కూడా.

పట్నంలో మంచం లేదన్నారు. ఆరోగ్య కేంద్రం వార్డులో చేర్చారు.

వార్డు డాక్టరు పేరు సోర్వారి. వయసులో పెద్దాయనే. ఇస్త్రీ మడత చెడని చొక్కా. పట్టీ ఆపేశాడు. సరే. మార్ఫిన్ కూడా ఆపేశాడు. మళ్ళీ అవే తెల్ల బిళ్ళలు.

రెండో రోజుకు ఆర్వి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. మొహం గోడ వైపు. మంచం కమ్మీ పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లగా.

రౌని డాక్టరు గదికి వెళ్ళింది.

"నొప్పికి ఏమీ ఇవ్వడం లేదు మీరు."

"ఒకసారి ఊపిరి ఆగిపోయింది కదమ్మా. మళ్ళీ ఆ సాహసం చేయలేం. మాకు భద్రత ముఖ్యం."

"ఎవరి భద్రత?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఓపిక చూపించే పద్ధతి అది.

"చూడండి, నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆయన్ని సౌనాకు తీసుకెళ్ళింది మీరే కదా. మందు పెట్టెలో కాగితం ఉంటుంది. అందులో రాసే ఉంటుంది."



రౌని కుర్చీ లాక్కుంది. ఆయన కూర్చోమనలేదు. కూర్చుంది.

"నేనే," అంది. "పొయ్యి వెలిగించింది నేనే. నీళ్ళు పోసింది నేనే. పట్టీ ఊడిపోతుందని చేత్తో అదిమింది కూడా నేనే. అది మీరు గుర్తు చేయక్కర్లేదు. చచ్చేదాకా నాకు గుర్తుంటుంది. ఇప్పుడు నేనొకటి అడుగుతా. మీ ఇంట్లో సౌనా ఉందా?"

"అది కాదు విషయం..."

"ఉందా?"

"ఉంది."

"మొన్న శనివారం వెళ్ళారా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"వెళ్ళే ఉంటారు. మీరు వెళ్ళారు. తలుపు గొళ్ళెం వదలకుండా మాట్లాడిన ఆ కుర్ర డాక్టరు వెళ్ళాడు. సైమి వెళ్ళింది. మందుల షాపు పిల్ల వెళ్ళింది. దేశం మొత్తం వెళ్ళింది. నా మొగుడొక్కడే వెళ్ళడనుకున్నారా? ఒక్క మాట! 'సౌనా వద్దు.' రెండు ముక్కలు. దగ్గినంతసేపు పట్టదు ఆ మాట చెప్పడానికి. చీమ కాళ్ళంత అక్షరాల్లో రాసి మడతపెట్టి పెట్టెలో పడేస్తే చెప్పినట్టా?"

"అమ్మా, మీరు ఆవేశంలో..."

"ఆవేశమే. మొదట్లో ఆయన నొప్పి మీకు కనపడలేదు, బిళ్ళలిచ్చి నడవమన్నారు. తర్వాత మందిచ్చారు, అది ఎలా చంపుతుందో చెప్పలేదు. ఇప్పుడు మీకు భయమేసింది, ఉన్నదంతా పీకేశారు. ఎక్కువైనా మీదే, తక్కువైనా మీదే, నడుమ ఆ మనిషి నిలబడి ఉన్నాడు అక్కడ, గోడ చూస్తూ. అరిస్తేగానీ కదలరా? అరవడు. నేను అరుస్తా. ఆయనకి మందిచ్చేదాకా నేనీ కుర్చీలోంచి లేవను. పోలీసుల్ని పిలుచుకోండి. కాఫీ తాగుతూ కూర్చుంటా."

ఆయన పిలవలేదు. గదిలోంచి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుంది.

బయట మంచు పడుతోంది. కిటికీ సగం దాకా తెల్లబడింది. ఎవరో తలుపు తీసి చూశారు, మూశారు. ఆమె కూర్చుంది. కోపం ఆమె ఒళ్ళో పిల్లిలా ముడుచుకుని కూర్చుంది — వెచ్చగా, బరువుగా, గోళ్ళతో.

సైమి వచ్చింది. చేతిలో కాఫీ. కళ్ళు ఎర్రగా.

"రౌని ఆంటీ... నేను అడిగి ఉండాల్సింది. చెప్పే ఉంటారనుకున్నా."

రౌని కాఫీ తీసుకుంది. ఫర్వాలేదు అనలేదు. ఫర్వా ఉంది. అనకపోవడమే నయం అనిపించింది.

"నొప్పి డాక్టరు హెల్కా గారికి ఫోన్ చేశా," అంది సైమి. "జిల్లాలో ఇళ్ళకు తిరిగి చూస్తుంటారు. సోర్వారి గారిని అడక్కుండానే చేశా. వస్తున్నారు."

హెల్కా పొట్టి మనిషి. బూట్ల మంచు దులపకుండానే వార్డులోకి వచ్చింది. ఆర్వి పక్కన, గోడకు వీపు ఆన్చి, అతని మొహం కనపడేలా నిలబడింది. సున్నా నుంచి పది అనలేదు.

"నొప్పి లేకపోతే ఇవాళ ఏం చేసేవారు?"

ఆర్వి ఆమె వంక చూశాడు. ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయలేదు అతన్ని.

"కట్టెలు కొట్టేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఈ గోడ... బాగా తెలిసిపోయింది."

"శనివారం?"

 గోడ మీద అతని చెయ్యి జారింది. అప్పుడు, మెల్లగా, భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనుకుంది రౌని. నవ్వు కాదు.

హెల్కా అతని మోచెయ్యి పట్టుకుని ఉంది, అది అయ్యేదాకా.

మందు మళ్ళీ మొదలైంది. పట్టీ కాదు, తాగే మందు. కొద్దిగా. కొద్దిగా ఇచ్చి చూసి, ఇంకొంచెం. ఎప్పుడు మత్తు ఎక్కువైనట్టో, ఊపిరి ఎలా లెక్కపెట్టాలో రౌనికి చూపించింది. తన ఛాతీ మీద రౌని చెయ్యి పెట్టుకుని చూపించింది. విరుగుడు మందు ముక్కులో కొట్టేది ఒకటి ఇంట్లో పెట్టించింది. సౌనాకు వెళ్ళొచ్చు — కింది మెట్టు, తక్కువ వేడి, కొంచెంసేపు, ఒంటరిగా మాత్రం వద్దు. అన్నీ చెప్పింది. తర్వాత రౌని చేత చెప్పించింది. ఆర్వి చేత చెప్పించింది. తల ఊపితే ఒప్పుకోలేదు.

"భయపడి మందు ఆపడం జాగ్రత్త కాదు," అంది వెళ్ళేముందు సోర్వారితో, వరండాలో, అందరికీ వినపడేలా.

అంతే. అంత తేలిక.

అంత తేలికని తెలిశాక రౌనికి కోపం ఇంకా పెరిగింది.

ఆ చలికాలం ఆర్వి ఇంట్లోనే ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒకసారి కింది మెట్టు మీద కూర్చుని, "టూరిస్టునే అయిపోయా చివరికి," అన్నాడు. కట్టెలు ఒస్మో కొట్టాడు, ఆర్వి కిటికీలోంచి తప్పులు పట్టాడు. పగటి వెలుగు పొడవు పెరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, చెయ్యి చెంప కింద పెట్టుకుని పోయాడు. నొప్పి లేకుండా పోయాడు.

అది నిజం. ఆ నిజం ఆమెను ఓదార్చింది. కోపాన్ని మాత్రం తాకలేదు.

పెద్దాసుపత్రి వాళ్ళు ఒక సమావేశానికి పిలిచారు. బన్నులు పెట్టారు. పద్ధతుల ప్రకారమే అంతా జరిగింది అన్నారు. కాకపోతే చిన్న సమాచార లోపం.

"లోపం కాదది," అంది రౌని. "నోరుంది మీకు. విప్పలేదు."

బన్ను ముట్టుకోకుండా వచ్చేసింది.

మే నెల. సరస్సు మీద మంచు కరిగిపోయింది. రోడ్ల మీద బురద.

రక్తపోటు బిళ్ళల కోసం రౌని మందుల షాపులో నిలబడి ఉంది. ముందొక ముసలాయన. మోకాళ్ళ దాకా చేపలు పట్టే బూట్లు. టోపీ చేతిలో. నిన్ననే పట్నం ఆసుపత్రి నుంచి మా ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకున్నా అని చెప్తున్నాడు, ఎవరూ అడక్కుండానే. సంతోషంగా ఉన్నాడు. వీపు మీద మందు పట్టీ వేశారు, నిద్రపోతోందండీ, హాయిగా, ఎన్నాళ్ళకో అంటున్నాడు.

కౌంటరు వెనక అమ్మాయి పెట్టెను ఇటు జరిపింది.

"వాడడం తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు ముసలాయన.

"తెలీదు ఆయనకి!"

షాపంతా ఇటు తిరిగింది. ఇక్కడ వరుసలో నిలబడ్డప్పుడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. వాతావరణం గురించి కూడా మాట్లాడరు. రౌని వరుస దాటి ముందుకు వచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసింది. అరచెయ్యి.

"మీ ఇంట్లో సౌనా ఉందా?"

"ఉంది." ఆయన బిత్తరపోయాడు. "ఎందుకమ్మా?"

చెప్పింది. గట్టిగా చెప్పింది. వేడి తగిలితే ఏమవుతుందో, పెదాలు ఏ రంగుకు మారతాయో, ఊపిరి ఎలా ఆగుతుందో — ఒక్కొక్క మాటా కౌంటరు మీద పెట్టినట్టు చెప్పింది. కౌంటరు అమ్మాయి మెడ దాకా ఎర్రబడింది.

ముసలాయన వింటున్నాడు. వింటూ వింటూ టోపీ నలపడం ఆపేశాడు.

"ఇవాళ శనివారం కదా," అన్నాడు.

"అవును."

"పొయ్యి వెలిగించే వచ్చా," అన్నాడు. "వచ్చేసరికి వేడెక్కుతుందని... మా ఆవిడ చెల్లెలు ఉంది తోడు. ఇద్దరూ ముందు సౌనాలోకి వెళ్తామన్నారు."

"ఫోన్ చేయండి!"

జేబులు తడుముకున్నాడు. లేదు.

పరిగెత్తాడు. ఆ బూట్లతోనే. తలుపు గంట గణగణమంది. బురద చిమ్ముకుంటూ కారు వెళ్ళిపోయింది.

ఏ ఊరు? ఏ ఇల్లు? పేరేంటి? రౌని గాజు తలుపు దాకా వెళ్ళి చూసింది. ఊళ్ళో ఇంటింటి మీదా పొగ, నిటారుగా. అందులో ఆయనది ఏది?

"ఆయన పేరు చెప్పు," అంది వెనక్కి తిరిగి. "ఫోన్ నంబరు ఉంటుంది నీ దగ్గర. చెయ్యి."

"అలా... ఇంకొకళ్ళ వివరాలు నేను..." అంది అమ్మాయి. కళ్ళు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి.

"చెయ్యి!"

అమ్మాయి ఫోన్ ఎత్తింది. నొక్కింది. చెవికి ఆనించుకుంది. అందరూ వింటున్నారు.

అవతల మోగుతోంది.

మోగుతూనే ఉంది.